ఎదురుగా కూర్చున్న వదిన

"ఆ నీలం పరదా ఒకసారి తగిలించి చూపిస్తారా" అని కొనడానికి వచ్చినావిడ అడగడమే ఆలస్యం, ఆ ఇంటి ఆడపిల్ల బొంగరం స్టూలెక్కింది. రాడ్డు అందుకోవడానికి చెయ్యి పైకెత్తింది. అంతే... రింగులు గలగలమన్నాయి, పరదా జారింది, దానితోపాటే ఆ పిల్ల కూడా జారి నేల మీద పడింది. మీద కప్పుకుపోయిన గుడ్డ కింద మనిషి ఉన్నట్టే లేదు. లోపల మిషను మీద ఉన్న వదిన పరుగెత్తుకొచ్చి పరదా లాగి చూసేసరికి ఆ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"బొంగరం... ఏయ్ బొంగరం... కళ్ళు తెరువమ్మా" అంటూ వదిన ఆమెను రెండు చేతుల మీదికి ఎత్తుకుంది. ఎత్తుకుని, అక్కడే ఆగిపోయింది. పందొమ్మిదేళ్ళ పిల్ల అంత సులువుగా చేతుల్లోకి వస్తుందా? షాపులో రోజూ మోసే బట్టల తానులు ఇంతకంటే బరువుంటాయి. ఇన్నాళ్ళూ తెలిసీ తెలియనట్టు పక్కకి నెట్టినదంతా ఆ క్షణంలో ఆమె చేతులకి తెలిసిపోయింది.

కింద చప్పుడు విని అత్తగారు మెట్లు దిగివచ్చారు. కూతురిని చూసి గుండెలు బాదుకున్నారు. నీళ్ళు చల్లారు, అరికాళ్ళు రాశారు, పిల్ల కళ్ళు తెరిచి "ఏం లేదమ్మా, కళ్ళు తిరిగాయి" అన్నాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. పీల్చుకున్న ఊపిరితో కోడలి వైపు తిరిగారు.

"ఏం పెడుతున్నావు నా బిడ్డకి? వంటిల్లు నీ చేతికిచ్చి నేను పక్కకి తప్పుకున్నాను. నువ్వు నిండుగానే ఉన్నావు, నీ మొగుడూ బాగానే ఉన్నాడు. దీని కూడు మాత్రం ఏమవుతోంది ఈ ఇంట్లో?"

కొనడానికి వచ్చినావిడ చేతిసంచి గుండెకి హత్తుకుని మెల్లగా గుమ్మం వైపు జరిగింది. పరాయి మనిషి ముందు అంత మాట పడినా వదిన బొంగరం నుదుటి తడి తుడుస్తూ ఉండిపోయింది. సమాధానం లేక కాదు. ఉన్న సమాధానం పైకి చెప్పుకోగలిగేది కాదు.

కింద షాపు, పైన కాపురం. ఇళ్ళకీ హోటళ్ళకీ కిటికీ పరదాలు కుట్టి, వెళ్ళి తగిలించి రావడం ఆ కుటుంబం పని. మామగారు పోయాక అత్తగారు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారు. కొడుకు డ్రిల్లు మిషను భుజాన వేసుకుని ఊరంతా తిరిగి రాడ్లు బిగించి వస్తాడు. కోడలు కుడుతుంది. ఆడపడుచు కాలేజీ నుంచి రాగానే రింగులు ఎక్కిస్తుంది. ఒక్కచోట కుదురుగా నిలబడదని చిన్నప్పుడు వాళ్ళ నాన్న పెట్టిన పేరు బొంగరం, అసలు పేరు కాలేజీలో తప్ప ఎవరూ పిలవరు.

ఆడబిడ్డ అర్ధమొగుడు, జాగ్రత్తగా ఉండవే అని పుట్టింటివాళ్ళు బెదిరించి మరీ పంపారు వదినని. తీరా వచ్చి చూస్తే ఆ అర్ధమొగుడికి ముందుపళ్ళు రెండూ ఊడిపోయి ఉన్నాయి. వచ్చిన మర్నాడే దువ్వెన తెచ్చి ఒళ్ళో కూర్చుని "వదినా, జడ వెయ్యవూ" అంది. ఆ పిల్ల వదినా వదినా అని వీధంతా వినపడేలా పిలిచి పిలిచి, చివరికి వీధిలో అందరికీ ఆమె వదినే అయిపోయింది. తలపండిన పెద్దమనుషులు కూడా వచ్చి "వదినగారూ, మా కిటికీ సంగతి ఎంతవరకు వచ్చింది" అని అడిగేవారు. వదినకి పిల్లలు కలగలేదు. ఎవరైనా పనిగట్టుకుని గుర్తుచేస్తే తప్ప ఆ లోటు ఆమెకి గుర్తుండేది కాదు, ఇంట్లో ఈ పిల్ల ఉండబట్టి.

కిందటేడు ఒకనాడు బొంగరం ఒక డ్రస్సు పట్టుకొచ్చి "వదినా, వదులైంది, పక్కలు కొంచెం లోపలికి కుట్టవా" అని అడిగింది. వదిన మురిసిపోయింది. "ఎంత నాజూగ్గా అయ్యావే" అని నవ్వుతూ కుట్టి ఇచ్చింది. నెల తిరక్కుండా అదే డ్రస్సు మళ్ళీ వచ్చింది. తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత అన్నీ. వేసిన కుట్టు పక్కనే మరో కుట్టు పడుతూ పోయింది. వదిన పని ఎంత శుభ్రమంటే, ఆమె కుట్టిన బట్ట ఎవరి ఒంటి మీదైనా అతికినట్టు ఉంటుంది. వదులు బట్టలు వేలాడుతుంటే తల్లి కంట్లోనో అన్న కంట్లోనో పడేది. అలా పడకుండా చేసింది ఈ చెయ్యే. "ఎందుకే ఇంతలా చిక్కిపోతున్నావు, ఏం తింటున్నావసలు" అని ఒకసారి గట్టిగానే అడిగితే, బొంగరం మెడ చుట్టూ చేతులు వేసి "పరీక్షలు వదినా, అంతే. అమ్మకి చెప్పకు, ఇల్లు పీకి పందిరేస్తుంది. నా వదినవి కదూ" అంది. ఆ ఒక్క మాటకి కరిగిపోయి వదిన నోరు మూసుకుంది. ఆడపడుచు తనని నమ్మి గుట్టు చెప్పుకుందని పొంగిపోయింది కూడా, పిచ్చిది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ మొదట బొంగరంతో ఒంటరిగా మాట్లాడింది. తర్వాత అందరినీ లోపలికి పిలిచింది. పెద్ద వయసు కాదు, కానీ తొందరపడని మనిషి.

"రక్తం తక్కువగా ఉంది. నాడి చాలా నెమ్మదిగా కొట్టుకుంటోంది. అవి పైకి కనిపించేవి. అసలు జబ్బు తిండి దగ్గర ఉంది. అమ్మాయికి తినాలంటే భయం. లావైపోతానని భయం, తిన్నాక తప్పు చేశానన్న బాధ. కావాలని చేస్తున్నది కాదు."

అత్తగారికి ఈ మాట తలకెక్కలేదు. "తినకపోవడం కూడా జబ్బేనామ్మా? తిండి దొరక్క ఏడ్చినవాళ్ళని చూశాను గానీ, కంచం ముందు పెట్టుకుని భయపడేవాళ్ళని ఎక్కడా చూడలేదు. ఇది ఒట్టి మొండితనం."

"మేడ అంచున నిలబడితే కొందరికి కాళ్ళు వణుకుతాయి కదండీ. భయం లేదు, ముందుకు రా అంటే వణుకు తగ్గుతుందా? ఈ పిల్లకి కంచం దగ్గర అలా ఉంటుంది."

"ఎవరి తప్పు వల్ల వచ్చిందండీ ఇది?" అని కొడుకు అడిగాడు.

"ఎవరిదీ కాదు. తప్పు ఎవరిదని తేల్చుకునేలోపు పిల్ల చెయ్యి దాటిపోతుంది. ఇప్పుడు తిండే మందు. ఏ పూట ఎంత పెట్టాలో నేను చెబుతాను. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చోవాలి, కూర్చుని తామూ తినాలి. బతిమాలకూడదు, బెదిరించకూడదు. లావు, సన్నం అనే మాట ఇంట్లో వినపడకూడదు. కంచం ఖాళీ అయ్యేదాకా లేవకూడదు. వారం వారం తీసుకొస్తే బరువూ నాడీ చూస్తాను. మెరుగు లేకపోతే ఇక్కడ చేర్చుకోవాలి. ఈ గుండె ఎక్కువ కాలం ఓర్చుకోలేదు."

బొంగరం తల అడ్డంగా ఊపుతూనే ఉంది. "వద్దు... ఇక్కడొద్దు. ఇంట్లోనే తింటాను. ఒట్టు."

డాక్టరమ్మ అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది. "ఆ కూర్చునే మనిషి ఎవరో ఇప్పుడే అనుకోండి. కొన్నాళ్ళు ఈ పిల్ల ఆ మనిషిని అసహ్యించుకుంటుంది, నోటికొచ్చినట్టు తిడుతుంది. తిట్టేది జబ్బే, కానీ గొంతు మీ పిల్లదే ఉంటుంది. పడగలవాళ్ళు ఎవరు?"

అత్తగారు ఏడుస్తున్నారు. కొడుకు తల వంచుకుని గోళ్ళలో ఇరుక్కున్న గోడసున్నం గీక్కుంటున్నాడు.

"నేను కూర్చుంటానండీ" అంది వదిన.

కూర్చోవడం అంటే ఏమిటో మర్నాడు పొద్దున్నే తెలిసింది. రొట్టె, గుడ్డు, గ్లాసెడు పాలు. అంతే. ఆ కాస్త ముందు పెట్టుకుని బొంగరం రొట్టెని చిదిమి చిదిమి పొడి చేసింది. గుడ్డు చుట్టూ చెంచా తిప్పింది. పాలు చల్లారిపోయాయి, మళ్ళీ వెచ్చబెట్టి తెచ్చింది వదిన. ఎదురుగా తన రొట్టె తను తింటూ, రాత్రి పిల్లి పాలగిన్నె దొర్లించిన సంగతి, పక్కింటావిడ కిటికీకి పువ్వుల గుడ్డ కావాలని వచ్చి గళ్ళ గుడ్డ కొనుక్కుపోయిన సంగతి చెబుతూ పోయింది. బొంగరం నవ్వలేదు. పొద్దెక్కి, కింద షాపు తెరిచి, మొదటి బేరం వచ్చి వెళ్ళిపోయాక పాలగ్లాసు ఖాళీ అయింది. ఆ వెంటనే మధ్యాహ్నం వచ్చింది.

పెళ్ళయినప్పటి నుంచీ వదిన ఒక పూటైనా కూర్చుని తిన్నది లేదు. అందరిదీ అయ్యాక వంటగట్టు దగ్గర నిలబడి, అడుగున మిగిలింది నోట్లో వేసుకుని మిషను దగ్గరికి పోయేది. ఇప్పుడు మూడు పూటలా బల్ల దగ్గర కంచం పెట్టుకుని కూర్చోవడం ఆమెకే కొత్తగా ఉంది. "మందు పిల్లకి రాశారు, పథ్యం నీకు కుదిరింది" అని భర్త నవ్వించబోయాడు.

నవ్వే ఓపిక ఎక్కడుంది? ఒకరోజు మధ్యాహ్నం కంచం ముందుకు జరిపి "ఇంకో నాలుగు ముద్దలమ్మా" అనగానే బొంగరం కంచాన్ని తోసేసింది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. "నీకు కడుపు పండలేదు. అందుకే నా కడుపు మీద పడ్డావు. నీ కసి తీర్చుకోవడానికి నేనే దొరికానా?"

ఆ మాట ఇంతవరకు శత్రువులు కూడా ఆమెని అనలేదు. వదిన కింద పడిన మెతుకులు ఎత్తింది. ఇంకో కంచంలో అంతే అన్నం పెట్టి తెచ్చింది. "ఇది జబ్బు మాటే. నీకు నేను తెలుసు, నాకు నువ్వు తెలుసు. తిను" అని ఎప్పటిలాగే ఎదురుగా కూర్చుంది. ఆ కంచం ఖాళీ అయ్యాక కిందికి వెళ్ళి మిషను ముందు కూర్చుని, సూదిలో దారం ఎక్కించలేక ఏడ్చింది.

భర్త చూశాడు. "ఎందుకిన్ని మాటలు పడతావు? ఆస్పత్రిలో చేర్చేద్దాం, వాళ్ళే చూసుకుంటారు."

"నన్ను తిట్టే ఆ నోరు నేను లేకపోతే తనని తనే తిట్టుకుంటుందండీ. నన్ను తిట్టడమే నయం" అంది వదిన కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడే పెద్ద హోటల్ పని వచ్చి పడింది. గదులన్నిటికీ మందం పరదాలు. వదిన కుట్టకపోతే అవి కావు. అత్తగారు దారి చూపించారు. "తల్లి కడుపు చూస్తుందంటారు. నా పిల్ల కడుపు నేను చూసుకోలేనా? పొద్దునా మధ్యాహ్నం నువ్వు కూర్చో. సాయంత్రం నాకు వదిలెయ్, నువ్వు కింద పని చూసుకో."

వదిన సరేనంది. సాయంత్రాలు పై గది తలుపు మూసుకునేది, లోపల తల్లీకూతుళ్ళ గుసగుసలు వినపడేవి, కాసేపటికి ఖాళీ కంచం బయటికి వచ్చేది. వారం తిరిగేసరికి బరువు కాస్త పెరిగింది. తర్వాతి వారం ఇంకాస్త. అత్తగారి ముఖం వికసించింది. గల్లాపెట్టె దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళందరికీ చెప్పడం మొదలుపెట్టారు. "తల్లి చేతి ముద్దకున్న బలం దేనికుందమ్మా? కొందరు కాపలా కాస్తారు, కొందరు కడుపు నింపుతారు." అది ఎవరికి తగలాలో వాళ్ళకి తగులుతూనే ఉంది. తగిలినా వదిన పట్టించుకోలేదు. పేరు ఎవరికొస్తేనేం, పిల్ల బతికి బట్టకడితే చాలు అనుకుంది. బొంగరం చేతులు ఇంకా చల్లగానే ఉన్నాయి, దువ్వెనకి ఇంకా గుప్పెడు జుట్టు వస్తోంది. అదీ తగ్గుతుందిలే అని మనసుకి సర్దిచెప్పుకుంది. అంత కావాలనుకున్నది జరుగుతోందంటే అనుమానించబుద్ధి కాదు.

ఆ వారం ఆస్పత్రికి బయలుదేరుతున్న పొద్దున, వదిన మిషను మీద చివరి కుట్టు వేస్తోంది. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది, గాలి బాగా వీస్తోంది. షాపులో వేలాడే గుడ్డలన్నీ ఎగురుతున్నాయి. అత్తగారి బట్టలు కాళ్ళకి చుట్టుకుంటున్నాయి. బొంగరం పొడుగాటి స్కర్టు వేసుకుని మెట్లు దిగి వస్తోంది. ఆ స్కర్టు ఎగరలేదు. అడుగు వేస్తుంటే ఊగలేదు. మడత మడతా నిటారుగా, హోటల్ కిటికీకి తగిలించిన మందం పరదాలా నేలవైపు దిగి ఉంది.

గాలికి ఎగిరిపోకుండా, మడతలు తీరుగా పడాలని పెద్ద పరదాల అంచులో సీసం బిళ్ళలు పెట్టి కుడతారు. బొంగరానికి ఆ పని నేర్పింది వదినే. మిషను చక్రం మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

దారంతా ఆమె చూపు ఆ స్కర్టు అంచు మీదే ఉంది. పిల్ల తనంతట తనే చెప్పాలని కనపడని దేవుళ్ళందరికీ మొక్కుకుంది. ఆస్పత్రి మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది. "డాక్టరమ్మకి ఏమైనా చెప్పాలనుందా నీకు?"

"ఏముంది చెప్పడానికి?" అంది బొంగరం, కళ్ళు కలపకుండా.

బరువు చూశారు. కిందటి వారం కంటే పెరిగింది. అత్తగారు గర్వంగా కోడలి వైపు చూశారు. డాక్టరమ్మ మాత్రం బొంగరం మణికట్టు వదల్లేదు. నాడి మళ్ళీ చూసింది, ఇంకోసారి చూసింది. "బరువు పెరుగుతోంది, నాడి ఇంకా పడిపోతోంది. రెండూ ఒకే మనిషివి కావన్నట్టుంది. ఇంట్లో ఏం జరుగుతోందో ఎవరైనా చెబుతారా?"

బొంగరం వదిన వైపు చూసింది. ఆ చూపు వదినకి బాగా తెలుసు. నా వదినవి కదూ అని మెడ చుట్టూ చేతులు వేసినప్పటి చూపు అది. వదిన పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. చెబితే పిల్ల మనసు పోతుంది, చెప్పకపోతే పిల్లే పోతుంది. నోరు మూసుకుని ప్రేమించడం ఒకసారి అయింది, దాని ఫలితమే ఈ కుర్చీలో కూర్చుని ఉంది.

వదిన లేచి బొంగరం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. స్కర్టు అంచు పట్టుకుంది. సంచిలోంచి చిన్న కత్తెర తీసి మడత కుట్టు విప్పింది. ఒక బిళ్ళ రాలింది. దాని వెనకే ఇంకొకటి, ఇంకొకటి. దొర్లుకుంటూ బల్ల కిందికి, డాక్టరమ్మ చెప్పుల దాకా పోయాయి. కుట్టు ఎంతో సన్నగా, ఎంతో శ్రద్ధగా వేసి ఉంది, అచ్చం వదిన నేర్పినట్టే.

"పరదాలకి పెట్టేవండీ. నడక చూసి పొద్దున్నే అనుమానం వచ్చింది. తనే చెబుతుందని ఆగాను."

బొంగరం అరవలేదు. అరిచినా బాగుండేది. "నిన్ను ఒక్కదాన్నే నమ్మాను" అంది, ఎవరికీ వినపడనంత చిన్న గొంతుతో. "నువ్వు నాకు వదినవి కాదు. ఇకమీదట నాకేమీ కావు."

డాక్టరమ్మ ఆ పిల్లని కోప్పడలేదు. భుజం మీద చెయ్యి వేసి, ఇవాళే చేర్చుకుంటున్నానని చెప్పింది. తర్వాత అత్తగారి వైపు తిరిగింది. "సాయంత్రం భోజనం దగ్గర ఎవరు కూర్చుంటున్నారు?"

"నేనేనండీ... తింటోందండీ... కంచం ఖాళీ అవుతోంది" అన్నారు అత్తగారు, కింద పడిన బిళ్ళల వైపు చూస్తూ.

బయట వరండాలో ఆవిడ దుఃఖమంతా కోడలి మీదే పడింది. "చచ్చేదాకా మర్చిపోను. పదిమందిలో దాని బట్ట విప్పినంత పని చేశావు. ఇంట్లో నా పక్కనుండే బిడ్డని తీసుకెళ్ళి ఆస్పత్రి మంచానికి అప్పగించావు. సొంత కడుపున పుట్టి ఉంటే చేసేదానివా?"

"నా కడుపున పుట్టినా ఇదే చేసేదాన్ని అత్తయ్యా" అంది వదిన. పెళ్ళయి వచ్చాక ఆవిడకి ఎదురు చెప్పడం అదే మొదలు.

ఆస్పత్రిలో భోజనం వేళకి ఇంటివాళ్ళలో ఒకరిని రానిచ్చేవారు. వదిన మిషను మీద గుడ్డ కప్పేసి, తన డబ్బా తను కట్టుకుని పూట పూటకీ వచ్చేది. బొంగరం కంచం తీసుకుని గోడవైపు తిరిగి కూర్చునేది. వదిన ఆ వీపుకి ఎదురుగా కూర్చుని తన అన్నం తను తినేది, ఆ రోజు షాపులో జరిగినవి ఆ వీపుకే చెప్పేది. జవాబు వచ్చేది కాదు. లేచి వెళ్ళేటప్పుడు "మళ్ళీ వస్తాను" అనేది. నర్సు కూడా జాలిపడి "ఎందుకండీ ఇంత శ్రమ, మేం చూసుకుంటాం కదా" అంది ఒకసారి. ఈ పిల్లకి గోడ మాత్రమే ఎదురుగా ఉండకూడదనిపించింది వదినకి. అది నర్సుకి ఎలా చెప్పాలో తెలియక తన డబ్బా మూత బిగించింది.

ఒక మధ్యాహ్నం వరండా బల్ల మీద అత్తగారు కూర్చుని ఉన్నారు. పక్కన విప్పని డబ్బా. మనిషి సగమైపోయారు. కోడలిని చూసి పక్కకి జరిగారు.

"అమ్మాయ్, కూర్చో. నీకొకటి చెప్పాలి."

వదిన కూర్చుంది.

"ఆ సాయంత్రాలు... అది తినలేదు. రెండు ముద్దలు తినేసరికి నా కాళ్ళు పట్టుకుని ఏడ్చేది. ఇవాళ్టికి వదిలెయ్యమ్మా, రేపు తింటాను, ఒట్టు, అనేది. చూడలేకపోయాను. కంచం అలాగే బయటికి వస్తే నీకు తెలిసిపోతుంది కదా... మిగిలింది నేను తిన్నాను. ఒకరోజు కాదు, రోజూ. ఆవేళ షాపులో పరాయి మనిషి ముందు నిన్ను నిలదీశాను, దాని కూడు ఏమవుతోందని. నేనే తిన్నానమ్మా. కన్నబిడ్డ కూడు నా కడుపులో వేసుకున్నాను. అప్పటినుంచి ఒక్క ముద్ద దిగడం లేదు నాకు."

ఆవిడ ఏడుపు చూసి దారినపోయేవాళ్ళు ఆగారు. వదిన ఆవిడ చెయ్యి పట్టుకుంది. కోపం రావాలి, రాలేదు. తన సంగతి చెప్పింది. డ్రస్సులు, పక్కకుట్లు, నోరు మూసుకున్న ఏడాది, అన్నీ.

"మీరు ముద్దలు తిన్నారు, నేను కుట్లు వేశాను. ఇద్దరం దాని మీద ప్రేమతోనే చేశాం అత్తయ్యా. దాని ఏడుపు ఆపాలని చూశాం గానీ, దాన్ని బతికించాలని చూడలేదు."

అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత డబ్బా మూత తీసి కోడలి ముందుకు జరిపారు. "ముందు నువ్వు తిను. లోపల ఆ మొండిఘటంతో వేగాలంటే ఓపికుండాలి. డాక్టరమ్మని అడుగుతాను, నన్ను కూడా కూర్చోనిస్తుందేమో. నా కంచంలోది నేను తింటాను. దాని కంచం వైపు చెయ్యి చాపితే ఆ చేతి మీద ఒకటి వెయ్యి."

"అత్తగారి మీద చెయ్యి చేసుకుందని ఊరంతా చెప్పుకుంటారు."

"చెప్పుకోనీ. నా బిడ్డ లేచి తిరిగితే నేనే చాటింపు వేయిస్తాను" అన్నారు అత్తగారు, ఏడుస్తూనే.

డాక్టరమ్మ ఒప్పుకుంది. అప్పటినుంచి ఇద్దరూ వచ్చారు. గోడవైపు తిరిగిన వీపు మెల్లమెల్లగా పక్కకి తిరిగింది, ఆ తర్వాత బల్ల దగ్గరికి వచ్చింది. బొంగరం తల్లితో మాట్లాడేది, నర్సుతో మాట్లాడేది. వదినతో మాత్రం ఒక్క మాట లేదు. నాడి కుదుటపడుతోందని డాక్టరమ్మ చెప్పింది. చెబుతూనే, మళ్ళీ జారడం ఈ జబ్బుకి అలవాటని, ఇంటికి పంపాలంటే తన కళ్ళ ముందు తినడం చాలదని, ఎవరూ చూడనప్పుడు ఏం చేస్తుందన్నదే అసలు సంగతని కూడా చెప్పింది.

ఆ మధ్యాహ్నం రొట్టె, పప్పునీళ్ళు, ఒక పండు. నర్సు వచ్చి కంచం చూసి "శుభ్రంగా తిన్నావు" అని వెళ్ళిపోయింది. అత్తగారు డబ్బా మూత పెట్టారు. వదిన లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, ఎప్పటిలాగే "మళ్ళీ వస్తాను" అంది.

"వదినా."

వదిన తలుపు దగ్గర ఆగిపోయింది.

"చెయ్యి పట్టు."

వెనక్కి వచ్చి చెయ్యి చాపింది. బొంగరం తన చొక్కా చేతిమడతలో వేలు పెట్టి నలిగిపోయిన రొట్టెముక్క ఒకటి తీసి ఆ అరచేతిలో పెట్టింది.

"నేను దాచాను. నువ్వు చూడలేదు కదా?"

"లేదమ్మా. చూడలేదు."

"అమ్మా చూడలేదు, నర్సమ్మా చూడలేదు. ఎవరికీ తెలీదు, పారెయ్యమని లోపల ఒకటే గోల. ఎప్పుడూ ఊరుకోదు వదినా అది. ఇప్పుడు కూడా అరుస్తోంది, నీకు ఎందుకు చెప్పానని." ఖాళీ అయిన చేతిమడత కిందికి దించుకుంది. "నువ్వు చూసి ఉంటే నీ మీద కోపం తెచ్చుకునేదాన్ని. చూడలేదు కాబట్టి... నేనే చెప్పాలి కదా."

వదినకి ఆ పిల్లని ఒళ్ళోకి లాక్కుని బావురుమనాలనిపించింది. అత్తగారు చేత్తో నోరు మూసుకుని కిటికీ వైపు తిరిగిపోయారు. పెద్ద హడావుడి చేస్తే పిల్ల బెదురుతుందని డాక్టరమ్మ చెప్పిన మాట వదినకి గుర్తొచ్చింది. రొట్టెముక్కని మళ్ళీ కంచంలో పెట్టింది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"తిను. నేనున్నాను."

"చాలాసేపు పడుతుంది వదినా. షాపు..."

"షాపు ఎక్కడికీ పోదు. పట్టనీ."

బొంగరం ఆ ముక్కని రెండుగా తుంచింది. ఒకటి నోట్లో పెట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. నమలడం మొదలుపెట్టగానే కన్నీళ్ళు చెంపల మీదుగా కారాయి. రెండో చెయ్యి బల్ల మీద తడుముకుంటూ వచ్చి వదిన వేళ్ళు పట్టుకుంది. అత్తగారు కిటికీ దగ్గర నుంచి వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు.

చాలాసేపే పట్టింది. ముగ్గురిలో ఎవరూ లేవలేదు.